బండి సీజ్ అయ్యాక సిబిల్ సంగతి: ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

"బండి తీస్కపోయినారు కదన్నా, ఇంక అప్పు తీరినట్టే కదా?"

ఈ ప్రశ్న తాడిపత్రి నుంచి వస్తుంది, కళ్యాణదుర్గం నుంచి వస్తుంది. అనంతపురం నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టుకు ట్యాక్సీ తిప్పేవాళ్ళ నుంచి మరీ ఎక్కువ. తీరలేదు. ఫైనాన్సోళ్లు బండిని అమ్మి, వచ్చిన డబ్బు మీ లోన్ ఖాతాలో జమ వేసుకుంటారు. ఇంకా తక్కువ పడితే ఆ బాకీ మీ పేరు మీదే ఉంటుంది. దాన్ని అలా వదిలేసినవాళ్ళకే రెండు మూడేళ్ళ తర్వాత పంట రుణం దగ్గరో, పిల్లల చదువు లోన్ దగ్గరో బ్యాంకు మేనేజరు తల అడ్డంగా ఊపుతాడు.

కింద రాసింది కారు లోన్‌ను మనసులో పెట్టుకుని. ఆటోకు, ట్రాక్టరుకు, బైకుకు కూడా చాలా మటుకు ఇదే పద్ధతి. మీరు ఏ దశలో ఉన్నారో అక్కడి నుంచి చదవండి. 6, 7 మాత్రం ఎవరూ దాటేయొద్దు.

1. దెబ్బ ఎక్కడెక్కడ పడుతుంది

బండి పట్టుకున్న రోజే సిబిల్ స్కోరు (అప్పులు ఎలా కడతారో చూపే మార్కులు) కూలిపోయిందని చాలామంది అనుకుంటారు. అసలు దెబ్బ అంతకు ముందే మొదలవుతుంది, ఆ తర్వాత కూడా సాగుతుంది.

మొదటిది, కట్టని ఈఎంఐలు. గడువు దాటి ఎన్ని రోజులైందో ప్రతి నెలా రిపోర్టులో పడుతుంది. దాన్నే డీపీడీ అంటారు. 000 ఉంటే సమయానికి కట్టినట్టు. 030, 060, 090 అని పెరిగేకొద్దీ స్కోరు పడుతుంది. సిబిల్ రిపోర్టులో 36 నెలల దాకా ఈ చరిత్ర కనిపిస్తుంది. బ్యాంకుల్లో, పెద్ద ఫైనాన్స్ కంపెనీల్లో 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ కింద, అంటే ఎన్‌పీఏ కింద చేరుతుంది.

రెండోది, బండి పట్టుకుని వేలం వేసే దశ. ఇక్కడ స్కోరు ఒక్కటే కాదు, ఖర్చులు కూడా మీ మీద పడి బాకీ పెరుగుతుంది.

మూడోది, వేలం తర్వాత మిగిలిన బాకీ. ఇదే ఎక్కువ కాలం వెంటాడేది. రిపోర్టులో ఓవర్‌డ్యూగా ఉంటుంది, కొన్నాళ్ళకు 'రిటన్-ఆఫ్' (కంపెనీ తన లెక్కల్లో నష్టం రాసుకున్నట్టు) అని పడుతుంది. మొదటి రెండు దెబ్బలు పడ్డాక వెనక్కి తీసుకోలేం. మూడోది మాత్రం ఎలా ముగియాలన్నది చాలావరకు మీ చేతిలోనే ఉంటుంది.

స్కోరు ఎన్ని పాయింట్లు పడుతుందని అడుగుతారు. మీకున్న మిగతా అప్పులు, పాత చరిత్ర బట్టి అది మనిషికో రకం. ఖచ్చితమైన అంకె చెప్పేవాళ్ళను నమ్మొద్దు. స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది, 750 దాటితే బ్యాంకులు మంచిదిగా చూస్తాయి.

ఇంకొకటి. ఈ దెబ్బ మీ ఒక్కరికే కాదు. కో-అప్లికెంటుగా సంతకం పెట్టిన భార్యకూ, జామీను ఉన్న బామ్మర్దికీ వాళ్ళ రిపోర్టుల్లో ఇదే లోన్ కనిపిస్తుంది. వాళ్ళకు ముందే చెప్పండి. బ్యాంకు వాళ్ళ నోటి నుంచి విన్నాక ఇంట్లో పడే గొడవ కన్నా ఇదే నయం.

2. ముందుగా కాగితాలు ఒకచోట చేర్చండి

ఏ దశలో ఉన్నా ఇవి లేకుండా ఫోన్లో ఎంత మాట్లాడినా పని జరగదు.

☐ లోన్ అగ్రిమెంటు పూర్తి కాపీ. మీ దగ్గర లేకపోతే బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి
☐ మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా లోన్ స్టేట్‌మెంటు
☐ మీరు కట్టిన ప్రతి రసీదు, ముఖ్యంగా ఏజెంటు చేతికి నగదు ఇచ్చిన రసీదులు
☐ ఆర్‌సీ, ఇన్సూరెన్స్ కాపీలు
☐ వచ్చిన నోటీసులు, వాటి కవర్లు కూడా. కవరు మీది పోస్టల్ ముద్రే తేదీకి సాక్ష్యం
☐ ఏజెంట్ల కాల్స్, వాట్సాప్ మెసేజీల స్క్రీన్‌షాట్లు

అగ్రిమెంటులో బండి స్వాధీనం గురించి రాసిన షరతు వెతకండి. ఫైనాన్స్ కంపెనీల అగ్రిమెంట్లలో ఈ షరతు ఎలా ఉండాలో రిజర్వు బ్యాంకు చెప్పింది. స్వాధీనానికి ముందు ఎంత నోటీసు, ఎప్పుడు నోటీసు లేకుండా తీసుకోవచ్చు, ఎలా తీసుకోవాలి, అమ్మే ముందు మీకు ఇచ్చే చివరి అవకాశం ఏమిటి, డబ్బు కడితే బండి తిరిగి ఎలా ఇస్తారు, వేలం ఎలా వేస్తారు అన్నవన్నీ ఉండాలి. ఆ పేజీని ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. రేపు సీజింగ్ వాళ్ళ ముందు, ఎల్లుండి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే అధికారి) ముందు మీ మాటకు బలం అదే.

లోన్‌కు ఇచ్చిన మొబైల్ నంబరు మారిందేమో చూడండి. డిఫాల్టు సమాచారం బ్యూరోకు (సిబిల్ లాంటి, అప్పుల రిపోర్టు తయారుచేసే సంస్థకు) పంపినప్పుడు మీకు ఎస్‌ఎంఎస్ గానీ ఈమెయిల్ గానీ పంపాలి. నంబరు పాతదైతే ఆ కబురు ఎవరికో పోతుంది.

3. బండి ఇంకా ఇంటి ముందే ఉంటే

మీ చేతిలో ఉన్న బలమైన గడువు ఆ 90 రోజులే. వరసగా ఇలా చేయండి.

అన్నీ కట్టలేకపోతే కనీసం పాత ఈఎంఐ ముందు కట్టండి. డీపీడీ లెక్క అన్నిటికన్నా పాత బాకీ నుంచి మొదలవుతుంది. మూడు ఈఎంఐలు ఆగి ఉంటే, రెండు పాతవి కట్టినా ఖాతా 90 గీత దాటకుండా ఆగుతుంది. ఒకసారి ఎన్‌పీఏ అయ్యాక ఈ వెసులుబాటు లేదు. ఆగిన అసలు, వడ్డీ అంతా కడితేనే మళ్ళీ మామూలు ఖాతా అవుతుంది. అందుకే 85వ రోజున కట్టిన ఐదు వేలకూ 95వ రోజున కట్టిన ఐదు వేలకూ చాలా తేడా.

మీరు డబ్బు వేసేటప్పుడు అది ఈఎంఐ కింద జమ అవుతోందా, ఛార్జీల కింద పోతోందా అని అడిగి, మెసేజీలో రాయించుకోండి.

రాబడి సీజన్ బట్టి వచ్చేవాళ్ళు, వేరుశనగ అమ్మాకే చేతిలో డబ్బాడే రైతులు, ఈఎంఐ తేదీ మార్చమని గానీ, కాలపరిమితి పెంచి ఈఎంఐ తగ్గించమని గానీ రాసివ్వొచ్చు. ఇవ్వాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం. ఇస్తే రిపోర్టులో 'రీస్ట్రక్చర్డ్' అని పడొచ్చు. అది మచ్చే, కాకపోతే రిటన్-ఆఫ్ కన్నా చిన్న మచ్చ.

కట్టడం అసలు సాధ్యం కాదని తేలిపోతే, బండి మీరే అమ్మండి. నా మాట వింటే అన్నిటిలోకీ మేలైన దారి ఇదే. పట్టుకున్న బండ్లు ఉంచే యార్డులో వేలం వేస్తే వచ్చే ధర కన్నా, సప్తగిరి సర్కిల్ దగ్గర బేరం ఆడినా మీకే నాలుగు రాళ్ళు ఎక్కువ వస్తాయి.

☐ లోన్ కంపెనీ నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ తీసుకోండి. అందులో ఫలానా తేదీ దాకా ఎంత కడితే లోన్ మూస్తారో రాసి ఉంటుంది
☐ కొనేవాడి డబ్బు నేరుగా లోన్ ఖాతాకే పోవాలి. చెక్కు లేదా ఆన్‌లైన్, నగదు వద్దు
☐ నో డ్యూస్ సర్టిఫికెట్, ఎన్ఓసీ, ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో హెచ్‌పీ (ఆర్‌సీ మీద ఉన్న లోన్ కంపెనీ పేరు) తీయించండి
☐ ఫారం 29, 30తో ఆర్‌సీ కొనేవాడి పేరుకు మార్పించండి
☐ లోన్ మూతపడకముందే బండి చేతికి ఇచ్చేసి, "మిగతా ఈఎంఐలు నువ్వు కట్టుకో" అనొద్దు. కట్టకపోతే సిబిల్ మీదే పడుతుంది, ప్రమాదం జరిగితే కోర్టు నోటీసు మీకే వస్తుంది

బండి దాచేయడం మాత్రం మహా తప్పు. లోన్ మీద ఉన్న బండిని మాయం చేస్తే వ్యవహారం క్రిమినల్ ఫిర్యాదు దాకా పోతుంది. ఈఎంఐ మాండేటు (ఖాతాలోంచి ఈఎంఐ కోసుకోమని మీరిచ్చిన అనుమతి) బౌన్స్ అయినా కేసు పెట్టే వీలు 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్‌లో ఉంది. అలాంటి డిమాండు నోటీసు చేతికందితే 15 రోజుల లోపు ఆ డబ్బు కట్టాలి.

"నేనే తెచ్చి అప్పగిస్తే సిబిల్‌కు ఏం కాదంట కదా" అని అడిగేవాళ్ళున్నారు. ఆగిన ఈఎంఐలు, మిగిలే బాకీ అలాగే ఉంటాయి. సీజింగ్ ఖర్చు, నడిరోడ్డు మీద పరువు పోవడం, ఈ రెండే తప్పుతాయి. అప్పగిస్తే తేదీ, కిలోమీటర్ల రీడింగు, బండి పరిస్థితి రాసిన కాగితం మీద రెండు పక్కలా సంతకాలు ఉండాలి.

4. సీజింగ్ వాళ్ళు వచ్చిన రోజు

వాదన పెంచుకోవద్దు, బండికి అడ్డం పడుకోవద్దు. అలాగని భయపడి ఏది చాపితే దాని మీద సంతకం పెట్టొద్దు.

☐ ఏజెంటు గుర్తింపు కార్డు, మీ లోన్ నంబరుతో ఉన్న ఆథరైజేషన్ లెటరు అడిగి ఫోటో తీయండి
☐ బండిని నాలుగు వైపులా, లోపల, మీటరు రీడింగు వీడియో తీయండి
☐ స్టెప్నీ, టూల్స్, మ్యూజిక్ సిస్టమ్ సహా ఇన్వెంటరీ రాయించి కాపీ తీసుకోండి
☐ మీ సొంత సామాను, చెక్ బుక్, ఆధార్, మందులు దించుకోండి
☐ ఏ యార్డుకు తీసుకెళ్తున్నారో రాయించుకోండి
☐ ఖాళీ కాగితం మీద, "ఇష్టపూర్వకంగా అప్పగిస్తున్నాను" అని అచ్చేసిన ఫారం మీద సంతకం పెట్టొద్దు, నిజంగా మీరే అప్పగిస్తుంటే తప్ప

గూండాలను పంపి బండ్లు లాక్కోవడాన్ని సుప్రీంకోర్టు 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో గట్టిగా తప్పుబట్టింది. వసూలు చట్టబద్ధమైన దారిలోనే జరగాలని 2011లో విజయలక్ష్మి కేసులోనూ చెప్పింది. చెయ్యి చేసుకున్నా, ఇంట్లో ఆడవాళ్ళను బెదిరించినా 112కు ఫోన్ చేయండి. వసూలు కాల్స్ ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదని రిజర్వు బ్యాంకు నియమం.

"స్టేషన్లో చెప్పే వచ్చినాం" అంటారు. సమాచారం ఇవ్వడం వాళ్ళ అలవాటు. దాన్ని పోలీసు ఆర్డరు అనుకోకండి.

5. మొదటి వారం

అదే రోజు ఫాస్టాగ్ ఆపించండి. బండి 44వ జాతీయ రహదారి మీద మరూరు టోల్ దాటినా, కాసేపల్లి టోల్ దాటినా డబ్బు మీ ఖాతాలోంచే పోతుంది. ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు చెప్పి బ్లాక్ చేయించాలి. చిన్న పనే, కానీ తలకాయ వేడెక్కి ఉన్నప్పుడు ఎవరికీ గుర్తు రాదు.

మర్నాడు కంపెనీకి ఈమెయిలు, దాంతోపాటు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. పెద్ద భాష అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

"నా లోన్ నంబరు ____, బండి నంబరు ____. ____ తేదీన మీ ఏజెంట్లు బండిని స్వాధీనం చేసుకున్నారు. దయచేసి ఏడు రోజుల్లో ఇవి రాతపూర్వకంగా ఇవ్వండి: 1) బండి విడిపించుకోవడానికి కట్టాల్సిన మొత్తం, పద్దుల వారీగా, 2) అమ్మకానికి ముందు నాకున్న చివరి గడువు, 3) బండి ఉన్న యార్డు చిరునామా, 4) విలువ కట్టిన రిపోర్టు కాపీ, 5) వేలం తేదీ, పద్ధతి. నాకు తెలియజేయకుండా బండి అమ్మవద్దని కోరుతున్నాను."

విడిపించుకోవాలంటే ఆగిన ఈఎంఐలు, ఛార్జీలు కడితే చాలునా, మొత్తం లోన్ మూయాలా అన్నది అగ్రిమెంటు బట్టి ఉంటుంది. కొందరు లోన్ మొత్తం రీకాల్ చేశాం, అంటే అంతా ఒకేసారి కట్టాలి అంటారు. అప్పుడు ఆ నోటీసు ఎప్పుడు పంపారో అడగండి. కట్టే డబ్బు కంపెనీ ఖాతాకే కట్టండి, యార్డు గేటు దగ్గర ఎవరి ఫోన్‌పేకీ కొట్టొద్దు.

ఇదే వారంలో మరో లెక్క వేసుకోండి. విడిపించుకున్నాక వచ్చే నెల ఈఎంఐ కట్టగలరా? వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి విడిపిస్తే, మూడు నెలల్లో బండి మళ్ళీ యార్డులోనే ఉంటుంది, పైగా కొత్త అప్పు నెత్తిన ఉంటుంది. కట్టలేరనుకుంటే విడిపించడం మానేసి, కొనేవాణ్ణి మీరే చూసి కంపెనీ ముందు పెట్టండి. వేలం కన్నా ఎక్కువ వస్తుందంటే వాళ్ళూ వింటారు.

6. వేలం లెక్క అడగండి, చదవండి, తప్పు పట్టండి

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. వేలం అయ్యాక "ఇంకా ఇంత కట్టాలి" అని ఒక అంకె మాత్రం ఫోన్లో చెప్తారు. ఆ అంకె మీద బేరం మొదలుపెట్టకండి. ముందు పద్దుల వారీ లెక్క తెప్పించండి.

ఉదాహరణకు ఒక లెక్క ఇలా ఉందనుకుందాం:

అసలు బాకీ: రూ. 4,10,000
ఆగిన వడ్డీ: రూ. 22,000
బౌన్స్, పీనల్ ఛార్జీలు: రూ. 11,000
సీజింగ్, యార్డు ఖర్చులు: రూ. 17,000
మొత్తం: రూ. 4,60,000
వేలంలో వచ్చింది: రూ. 3,25,000
మీరు కట్టాల్సింది: రూ. 1,35,000

ఇప్పుడు ఒక్కో వరస మీద వేలు పెట్టి అడగండి.

వడ్డీ ఏ తేదీ దాకా వేశారు? వేలం డబ్బు జమయ్యాక కూడా పూర్తి అసలు మీదే వడ్డీ నడిపిస్తే అది తప్పు. ఇంకా రాని నెలల వడ్డీని కూడా కలిపేశారా? ఫ్లాట్ వడ్డీ (చివరిదాకా మొదటి అసలు మీదే వడ్డీ లెక్కించే) లోన్లలో ఇది బాగా చూడాలి.

పీనల్ ఛార్జీల మీద మళ్ళీ వడ్డీ వేశారా? 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం జరిమానాను వడ్డీ రూపంలో వేయకూడదు, ఛార్జీగానే వేయాలి, దాన్ని అసలులో కలిపి వడ్డీ లెక్కించకూడదు. కొత్త లోన్లకు ఇది 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

సీజింగ్ ఖర్చుకు బిల్లు ఏది? యార్డు అద్దె ఎన్ని రోజులకు? వాళ్ళు వేలం ఆలస్యం చేసిన నెలల అద్దె మీరెందుకు మోయాలి?

విలువ కట్టిన రిపోర్టు ఎంత చెప్పింది, అమ్మింది ఎంతకు? తేడా మరీ ఎక్కువైతే అదే మీ ఫిర్యాదుకు ఆయువుపట్టు. వేలానికి ముందు నోటీసు మీకు అందిందా లేదా అన్నది రెండో ఆయువుపట్టు. మీరు సీజింగ్ రోజున తీసిన వీడియో ఇక్కడ పనికొస్తుంది. "బండి తుక్కుగా ఉంది" అని వాళ్ళంటే, చూపించడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

ఏజెంటు చేతికి ఇచ్చిన నగదు రసీదులన్నీ స్టేట్‌మెంటులో జమ అయ్యాయా? ఒక్కోటి టిక్కు పెడుతూ చూడండి. ఇక్కడ దొరికే తేడాలు చాలానే ఉంటాయి.

లెక్కలో మీకే డబ్బు మిగిలితే, అది మీకు తిరిగి ఇవ్వాల్సిందే.

వేలం తర్వాత కొన్ని వారాలకు పరివాహన్ సైట్లో గానీ యాప్‌లో గానీ బండి ఆర్‌సీ ఎవరి పేరున ఉందో చూడండి. లోన్ కంపెనీ ఫారం 36తో తన పేరున ఆర్‌సీ తెచ్చుకుని అమ్మే పద్ధతి మోటారు వాహనాల చట్టంలో ఉంది. ఇంకా మీ పేరే కనిపిస్తుంటే కంపెనీకి, రవాణా శాఖకు రాతపూర్వకంగా తెలపండి. అప్పటిదాకా ఈ-చలాన్లు మీ ఇంటికే వస్తాయి.

7. మిగిలిన బాకీ: క్లోజ్డా, సెటిల్డా

రెండు దారులున్నాయి. రిపోర్టులో వాటి గుర్తులు వేరు.

లెక్క సరిచేయించి, ఉన్నదంతా కడితే ఖాతా 'క్లోజ్డ్' అవుతుంది. పాత ఆలస్యాల చరిత్ర ఉంటుంది కానీ బాకీ సున్నా. ఒకేసారి కట్టలేకపోతే నెలవారీ వాయిదాలు అడగండి. రూ. 1,35,000ను ఏడాదిన్నరకు పంచితే నెలకు 7,500. బండి ఈఎంఐ కన్నా అది చాలామందికి తక్కువే.

తగ్గించి కడితే 'సెటిల్డ్' అని పడుతుంది. ముప్పై వేలు మిగిలాయన్న సంతోషం అప్పటికి ఉంటుంది. రేపు ఇంటి లోన్‌కు వెళ్ళినప్పుడు బ్యాంకు అడిగే మొదటి ప్రశ్న దాని గురించే. రాజీ చేసుకున్న సంస్థ కూడా, వ్యవసాయ రుణాలు మినహా, కనీసం 12 నెలలు మీకు కొత్త అప్పు ఇవ్వకూడదని 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు చెప్పింది. రాబోయే నాలుగైదేళ్ళలో లోన్ అవసరం ఉన్నవాళ్ళు కష్టమైనా మొదటి దారే పట్టండి. నిజంగా చేతిలో లేనివాళ్ళు సెటిల్ చేసుకోవడంలో తప్పు లేదు. గాలికొదిలేయడం కన్నా అది ఎన్నో రెట్లు మేలు.

ఏ దారైనా, డబ్బు కట్టే ముందే చేతిలో లెటరు ఉండాలి. అందులో ఇవి చూసుకోండి:

☐ లోన్ నంబరు, కట్టాల్సిన మొత్తం, చివరి తేదీ
☐ కట్టాక బాకీ సున్నా అవుతుందన్న వాక్యం
☐ బ్యూరోలకు ఖాతాను ఏ పేరుతో పంపుతారో స్పష్టంగా
☐ కో-అప్లికెంటు, జామీనుదారు ఇద్దరికీ విముక్తి
☐ సెక్యూరిటీ చెక్కులు తిరిగి ఇస్తామన్న మాట
☐ కేసు గానీ ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ముందు నడిచే విచారణ) గానీ ఉంటే వెనక్కి తీసుకుంటామన్న మాట

ఖాతాను వేరే సంస్థకు అమ్మేసి ఉంటే, డబ్బు ఎవరికి కట్టాలో పాత కంపెనీ లెటరుతో నిర్ధారించుకున్నాకే కట్టండి.

బేరం తెగకపోతే అనంతపురం కోర్టు ఆవరణలో ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. కేసు పడకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని దరఖాస్తు ఇవ్వొచ్చు. అక్కడ కుదిరిన ఒప్పందానికి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న విలువ ఉంటుంది, అప్పీలు ఉండదు. అందుకే సంతకానికి ముందే ఖాతాను ఎలా రిపోర్టు చేస్తారో అవార్డులో (తీర్పు కాగితంలో) రాయించాలి. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును అడగొచ్చు. హెల్ప్‌లైన్ 15100.

చెన్నై నుంచో ముంబై నుంచో ఆర్బిట్రేషన్ నోటీసు వస్తే చించి పారేయొద్దు. మీరు పలక్కపోతే మీ వాదన వినకుండానే అవార్డు వస్తుంది. లాయరుకు చూపించి జవాబు పంపండి.

మూడేళ్ళు గడిస్తే దావా వేయలేరని కొందరు కాచుకుని కూర్చుంటారు. మామూలు బాకీ దావాకు మూడేళ్ళ గడువు ఉన్న మాట నిజమే. మధ్యలో కొంత కట్టి రాతలో ఉంచినా, బాకీ ఒప్పుకుంటూ సంతకం చేసినా గడువు మళ్ళీ మొదలవుతుంది. దావా గడువు పోయినంత మాత్రాన రిపోర్టు శుభ్రపడదు. బ్యూరోలు ఈ సమాచారాన్ని కనీసం ఏడేళ్ళు ఉంచుతాయి.

8. రిపోర్టు తెప్పించి చదవడం

మన దేశంలో నాలుగు బ్యూరోలున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కోటి ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. వాళ్ళ సొంత సైట్లోనే, పాన్ నంబరు, ఓటీపీతో తీసుకోండి. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. ఒక్క సిబిల్ చూసి ఊరుకోవద్దు, మీరు రేపు వెళ్ళే బ్యాంకు ఏ బ్యూరోను చూస్తుందో చెప్పలేం.

ఆ బండి లోన్ ఖాతాలో ఇవి చూడండి:

☐ ప్రస్తుత బాకీ, ఓవర్‌డ్యూ అంకెలు మీ లెటరుతో సరిపోతున్నాయా
☐ వేలం డబ్బు జమ తర్వాత బాకీ తగ్గిందా
☐ డీపీడీ నెలలు మీ స్టేట్‌మెంటుతో కలుస్తున్నాయా
☐ లోన్ మూసిన తేదీ పడిందా
☐ రిటన్-ఆఫ్, సెటిల్డ్, సూట్ ఫైల్డ్ (దావా వేసినట్టు) అన్నవాటిలో ఏదైనా ఉందా
☐ ఒకే లోన్ రెండుసార్లు పడిందా. ఖాతా చేతులు మారినప్పుడు ఇది జరగొచ్చు

రిటన్-ఆఫ్ అని ఉంటే మాఫీ అయిందనుకుని సంబరపడొద్దు. బ్యాంకు తన లెక్కల్లో నష్టం రాసుకుంది, మీ దగ్గర వసూలు చేసే హక్కు దానికి అలాగే ఉంది.

9. తప్పు కనిపిస్తే

నెలకు కనీసం రెండుసార్లు బ్యూరోలకు సమాచారం పంపాలన్న నియమం 2025 జనవరిలో వచ్చింది. కాబట్టి కట్టిన మర్నాడే చూసి కంగారుపడొద్దు. నెల రోజులు ఆగి చూడండి.

అప్పటికీ మారకపోతే, ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు ఈమెయిలు, దాంతోపాటు బ్యూరో సైట్లో డిస్‌ప్యూట్ (తప్పు దిద్దమనే అర్జీ). రెండూ ఒకే రోజు పెట్టండి. డిస్‌ప్యూట్ ఉచితం. కంపెనీ ఒప్పుకోకుండా బ్యూరో తనంతట తాను దిద్దదు, అందుకే నో డ్యూస్ సర్టిఫికెట్, రసీదులు కంపెనీకి తప్పకుండా పంపాలి.

30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు రూ. 100 చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమం ఇది. అడగనివాడికి ఎవరూ గుర్తుచేయరు, ఈమెయిల్లోనే ఆ వాక్యం రాయండి.

జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఖర్చు లేదు, 14448లో అడిగి తెలుసుకోవచ్చు. సేవాలోపం, అన్యాయమైన వేలం లాంటి వాటికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన విలువ 5 లక్షల దాకా అయితే అక్కడ ఫీజు లేదు. పొట్టకూటికి సొంతంగా ట్యాక్సీ నడుపుకునేవాళ్ళు కూడా వినియోగదారులే.

10. స్కోరు మళ్ళీ ఎక్కించడం

పాత నెలల మచ్చ మీద కొత్త నెలల 000లు పేరుకుంటేనే స్కోరు కదులుతుంది. దగ్గరి దారి లేదు.

మిగతా లోన్లు, కార్డులు ఒక్క రోజు కూడా తప్పొద్దు. కార్డు ఉంటే లిమిట్‌లో 30 శాతం లోపే వాడండి. కార్డు ఇవ్వకపోతే, బ్యాంకులో చిన్న ఎఫ్‌డీ వేసి దాని మీద కార్డు తీసుకోండి. నెలకు పెట్రోలుకు వాడి, బిల్లు మొత్తం కట్టేయండి.

బంగారం లోన్ కూడా రిపోర్టులో పడుతుంది. మన దగ్గర దాన్ని ఏడాది గడువు దాటించి రెన్యువల్ చేయడం మామూలైపోయింది. గడువు దాటిన ప్రతి రోజూ అక్కడా డీపీడీనే.

రిజెక్ట్ అయిందని నాలుగు యాప్‌లలో అప్లై చేయొద్దు. ప్రతి అప్లికేషనూ ఎంక్వయిరీగా పడుతుంది.

11. తరచూ చూసే తప్పులు, వాటికి మందు

"సిబిల్ క్లియర్ చేస్తాం" అనే వాళ్ళకు డబ్బు ఇవ్వడం. నిజమైన ఎంట్రీని ఎవరూ తుడపలేరు, తప్పు ఎంట్రీని మీరే ఉచితంగా దిద్దించుకోవచ్చు. ఇప్పటికే ఓటీపీ చెప్పి ఉంటే బ్యూరో సైట్లో, ఈమెయిల్లో పాస్‌వర్డులు మార్చండి. డబ్బు పోయి ఉంటే 1930కి ఫోన్ చేయండి.

ఏజెంటు మాట మీద సెటిల్ చేసి కట్టేయడం. లెటరు లేకుండా కట్టి ఉంటే, కట్టిన యూటీఆర్ నంబరు (బ్యాంకు ఇచ్చే చెల్లింపు నంబరు), ఏజెంటుతో నడిచిన మెసేజీలు జతచేసి కంపెనీకి ఈమెయిలు పెట్టండి. లెటరు ఇప్పుడైనా అడగండి.

నో డ్యూస్ తీసుకోకుండా ఊరుకోవడం. కంపెనీ వేరే దాంట్లో కలిసిపోయి ఉంటే, కలుపుకున్న సంస్థ దగ్గర పాత లోన్ నంబరుతో అడగాలి.

జామీను ఉన్నాయన రిపోర్టు చూడకపోవడం. మీ దాంట్లో క్లోజ్డ్ అని పడి, ఆయన దాంట్లో ఓవర్‌డ్యూగా మిగిలిపోయే సందర్భాలుంటాయి. ఆయన పాన్‌తో, ఆయన ఫోన్‌కు వచ్చే ఓటీపీతో రిపోర్టు తీసి చూడండి. తేడా ఉంటే డిస్‌ప్యూట్ ఆయన పేరుతోనే వేయాలి, మీ నో డ్యూస్ సర్టిఫికెట్ కాపీ దానికి జతచేయాలి.